వద్దనే పని ఎవరిది?

పోయిన ఏడాది వానాకాలంలో ఒక సాయంత్రం పాత క్యాసెట్ ఒకటి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. నెల్లూరు జిల్లాలోని ఒక పల్లెలో 1993లో రికార్డు చేసిన క్యాసెట్ అది. సారా వ్యతిరేక ఉద్యమంలో తిరిగిన ఒక వ్యవసాయ కూలీ స్త్రీ మాటలు అందులో ఉన్నాయి. ఆమె ఇప్పుడు లేదు. ఆ మాటలు రికార్డు చేసిన అక్క ఉద్యోగ విరమణ చేశాక, తన దగ్గరున్న క్యాసెట్లన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి నాకు అప్పగించింది. "జాగ్రత్తమ్మా, వీటికి రెండో కాపీ లేదు" అని ఒక్క మాట అంది.

క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి దగ్గరిదారి ఏదీ లేదు. ఆ మనిషి ఎంతసేపు మాట్లాడిందో అంతసేపూ పక్కన కూర్చోవాల్సిందే. ప్లేయర్ నుంచి ఒక వైరు కంప్యూటర్‌లోకి పోతుంది, తెరమీద శబ్దం గీతలు గీతలుగా నడుస్తుంటుంది, మనం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ ఉంటాం. దాదాపు నలభై నిమిషాలు నడిచాక కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ పాడై చాలా రోజులైంది, మార్పించాలి మార్పించాలి అనుకుంటూనే ఉన్నాను. కరెంటు వచ్చాక సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఎప్పటిలాగే ముందు ప్రకటనల తెర వచ్చింది. ఎప్పటిలాగే చూడకుండానే మూసేశాను. దాని వెనకాలే ఇంకో చిన్న పెట్టె వచ్చింది. అదే ఊపులో దాన్నీ మూసేశాను. వేలు నొక్కేసిన తర్వాతే కళ్ళు చదివాయి. సేవ్ చేయని రికార్డింగ్ ఒకటుంది, దాన్ని తిరిగి తీసుకోమంటారా అని అడిగింది ఆ పెట్టె. నేను వద్దన్నాను.

క్యాసెట్ ఉంది కదా, మళ్ళీ ఎక్కించవచ్చు అనుకున్నాను. రెండోసారి తిరిగేటప్పుడు, పాతబడి బిగుసుకుపోయిన ఆ టేపు ఒకచోట ప్లేయర్‌లో చిక్కుకుంది. పెన్సిల్ పెట్టి తిప్పుకుంటూ మెల్లగా బయటకు తీశాను గానీ, బెత్తెడు ముక్క నలిగిపోయింది. ఇప్పుడు అక్కడ మూడు సెకన్లపాటు గరగర తప్ప ఏమీ వినిపించదు. సారా కొట్టు ముందు కూర్చున్న రోజు గురించి చెబుతూ ఆమె ఒకసారి నవ్వుతుంది. నవ్వి ఒక మాట అంటుంది. ఆ మాటే పోయింది. నేను మొదటిసారి విన్నాను. గుర్తుంది అనుకుంటాను. కానీ పరిశోధకురాలి జ్ఞాపకాన్ని చెప్పిన మనిషి మాటగా కొటేషన్లలో పెట్టకూడదని నాకు నేర్పినవాళ్ళు గట్టిగానే నేర్పారు.

అప్పటినుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఇందులో తప్పు ఎవరిది? కరెంటుదా, బ్యాటరీ మార్పించని నాదా, చూడకుండా నొక్కిన నా వేలిదా? నాదేనని ఒప్పుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఆ వేలికి చూడకుండా నొక్కడం ఎవరు నేర్పారన్నది కూడా ప్రశ్నే కదా!

ఆ తెర గురించి కొంచెం చెప్పాలి. సౌండ్ ఎడిటింగే వృత్తిగా ఉన్నవాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్ అది. నాకు ఊరికే రాలేదు, ఫెలోషిప్ డబ్బుల్లోంచి మిగుల్చుకుని లైసెన్స్ కొనుక్కున్నాను. మొదటి ఏడాది తెరవగానే నిన్న ఆపిన ఫైలు కనిపించేది. తర్వాత ఒక అప్‌డేట్‌తో ఆ ఫైలుకీ నాకూ మధ్య ఒక తెర వచ్చి నిలబడింది. కొత్త ప్లగిన్ల మీద సగం ధర తగ్గింపు, నెలనెలా చందా కడితే వేలకొద్దీ డ్రమ్ముల శబ్దాలు, ఇంట్లో కూర్చుని మిక్సింగ్ నేర్చుకునే కోర్సు. ఊదారంగు వెలుగులో, గడ్డం పెంచుకుని, కళ్ళు మూసుకుని సంగీతంలో మునిగిపోయిన ఒక యువకుడు. నాకు డ్రమ్ములతో పని లేదు. నేను ముసలమ్మల మాటల వెనక నుంచి ఫ్యాను చప్పుడు తీసేస్తుంటాను. నెట్ నెమ్మదిగా ఉన్న రోజున ఆ బొమ్మలు దిగేదాకా తెర తెల్లగా నిలబడిపోతుంది, నేను డబ్బు పెట్టి కొన్న పనిముట్టు ముందు నేను పడిగాపులు పడాలి.

దాని అడుగున రెండు బటన్లు ఉంటాయి. ఒకటి, ఇప్పుడే చూడండి. రెండోది, తర్వాత గుర్తుచేయండి. 'వద్దు' అనే బటన్ లేదు. ఒక మూల లేత బూడిదరంగు చిన్న అక్షరాల్లో 'మళ్ళీ చూపించవద్దు' అని ఒక గడి ఉంటుంది. మొదట్లో అందులో టిక్కు పెట్టాను. రెండు నెలల తర్వాత అప్‌డేట్‌తో టిక్కు పోయింది, తెర తిరిగొచ్చింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ వచ్చింది. మూడోసారి విసుగొచ్చి, టిక్కు సంగతి వదిలేసి, పై మూలనున్న గుర్తును నొక్కి మూసేయడం అలవాటు చేసుకున్నాను. ఆ అలవాటు ఎంత బాగా కుదిరిందంటే, ఆ తెరమీద ఏముందో ఏడాదిన్నరగా నేను చూసిందే లేదు.

ఆసుపత్రుల్లో ఇలాంటి దానికి 'అలారం ఫటీగ్' అని పేరు పెట్టారు. ఐసీయూలో యంత్రాలు పగలూ రాత్రీ కూస్తూనే ఉంటాయి, వాటిలో చాలా వాటికి అర్థం ఉండదు. కొన్నాళ్ళకు అక్కడ పనిచేసే నర్సుల చెవులు వాటిని వినడం మానేస్తాయి. ప్రాణం మీదికి వచ్చిన కూత కూడా ఆ గోలలో కలిసిపోతుంది. అప్పుడు నర్సు నిర్లక్ష్యం అంటారు. కానీ అది నిర్లక్ష్యం కాదు. పనికిమాలిన కూతలతో చెవుల్ని మొద్దుబార్చిన తర్వాత, పనికొచ్చే కూతను ఎందుకు వినలేదని నిలదీయడం అన్యాయం.

ఒక సెమినార్‌లో టీ తాగుతూ ఈ సంగతి చెబితే, ఒక సహోద్యోగి నవ్వి, "ఒక్క క్లిక్కే కదండీ! దీనికింత ఆలోచనా?" అన్నారు. ఆ మాట నాకు కొత్త కాదు, మనలో ఎవరికీ కొత్త కాదు. ఒక్క కాఫీయే కదా, ఒక్క పూట వంటే కదా, ఒక్క మాటే కదా. కేరల్ హానిష్ 1969లో వ్యక్తిగతమైనదీ రాజకీయమే అని వాదించినప్పుడు, పాట్ మైనార్డీ 1970లో ఇంటిపని రాజకీయాల గురించి రాసినప్పుడు, వాళ్ళు ఎత్తిచూపినవన్నీ ఇలాంటి చిన్న విషయాలే. మన దగ్గర 1980లలో స్త్రీవాద కవిత్వం వంటింటి గిన్నెల గురించీ, పైట గురించీ మాట్లాడినప్పుడు కూడా అదే మాట అన్నారు, ఇవీ కవితా వస్తువులేనా అని. ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' సంకలనం 1993లో వచ్చేనాటికి, ఆ చిన్న విషయాలన్నీ కలిపితే ఒక జీవితం అవుతుందని చాలామందికి అర్థమైంది. చిన్నది అనే కొలత ఎప్పుడూ దాన్ని మోయనివాళ్ళ చేతిలోనే ఉంటుంది.

ఒక్క క్లిక్కు అందరికీ ఒక్క క్లిక్కు కాదు కూడా. శబ్దంతో చేసే పనుల్లో అంధులు ఎందరో ఉన్నారు. వాళ్ళు తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి సాఫ్ట్‌వేర్ సాయంతో పనిచేస్తారు. 2006లో ఇద్దరు అంధ యువకులు ఆస్ట్రేలియాలో మొదలుపెట్టి ఉచితంగా అందించిన సాఫ్ట్‌వేర్ అది. రేడియో కార్యక్రమాలు ఎడిట్ చేసే నా స్నేహితురాలు ఒకామె దాన్నే వాడుతుంది. ఇలాంటి ప్రకటన తెరల్లో చాలాసార్లు బటన్లకు పేర్లు ఉండవని ఆమె చెప్పింది. "బటన్... బటన్... బటన్ అని చదువుతుంది. ఏది మూసేదో, ఏది కొనేదో నాకెలా తెలుస్తుంది? ఒక్కోసారి అందులోంచి బయటపడలేక మొత్తం కంప్యూటర్ ఆపేసి మళ్ళీ పెడతాను." చూపున్నవాళ్ళకు ఒక సెకను పని అనుకున్నది ఆమెకు పది నిమిషాల పని. ఆ పది నిమిషాలకు ఆమెకు ఎవరూ జీతం ఇవ్వరు.

అయితే ప్రకటనే తప్పా? అలా అనలేను. మనం చదువుకున్న స్త్రీల పత్రికల చరిత్రే నన్ను అలా అననివ్వదు. డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో మద్రాసులో 'గృహలక్ష్మి' పత్రిక పెట్టారు. ఆయన 'లోధ్ర' అనే స్త్రీల మందు తయారుచేసి అమ్మేవారు. ఆ వ్యాపారమే లేకపోతే ఆ పత్రిక బహుశా ఉండేది కాదు, అందులో రాసిన స్త్రీలకు ఆ పేజీలూ ఉండేవి కావు. ప్రకటనా సాహిత్యమూ ఒకే అట్టల మధ్య బతికాయి. కానీ అక్కడ ప్రకటనకు తన పేజీ తనకుంది. చదివే స్త్రీ కావాలంటే దాన్ని చదువుతుంది, లేకపోతే పేజీ తిప్పేస్తుంది. నిన్న సగంలో ఆపిన కథ దగ్గరికి ఈ రోజు తిరిగి వస్తే, లోధ్ర కొంటారా, లేక తర్వాత గుర్తుచేయమంటారా అని ఎవరూ ఆమెను నిలదీయలేదు.

సాఫ్ట్‌వేర్‌లో కూడా మొదట్లో ఈ ప్రారంభ తెరకు ఒక మర్యాద ఉండేది. కంప్యూటర్లు నెమ్మదిగా ఉన్న రోజుల్లో ప్రోగ్రామ్ తెరుచుకోవడానికి పట్టే ఆ కాసేపూ ఖాళీగా కనిపించకుండా ఒక బొమ్మ పెట్టేవారు. ప్రోగ్రామ్ పేరు, ఎన్నో వెర్షన్, కొన్నిటిలో తయారుచేసినవాళ్ళ పేర్లు. పుస్తకంలో మొదటి పేజీలాంటిది అది. పని సిద్ధం కాగానే తనంతట తాను తప్పుకునేది. ఇప్పుడు కంప్యూటర్ వేగం పెరిగింది, ఆ బొమ్మ అవసరం తగ్గింది. కానీ ఆ చోటు మాత్రం ఎంత విలువైనదో అమ్మేవాళ్ళు కనిపెట్టారు. మనిషి పనిలోకి దిగబోయే క్షణంలో ఆమె కళ్ళు ఎటూ పోవు, తెరమీదే ఉంటాయి. అందుకే అంగడి వీధిలో ఉండకుండా మన గడప మీదికి వచ్చింది.

తయారుచేసేవాళ్ళకూ జీతాలు కావాలి, నిజమే. ఒకసారి అమ్మిన సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ళ తరబడి సరిచేస్తూ ఉండటం కూడా శ్రమే, ఆ శ్రమను కాదనే హక్కు నాకు లేదు. 2013లో అడోబీ తన ప్రధాన సాఫ్ట్‌వేర్ల కొత్త వెర్షన్లను అమ్మడం మానేసి చందా పద్ధతికి మారినప్పటినుంచీ ఈ రంగంలో చాలామంది ఆ దారే పట్టారు. ధర ఎక్కువైతే ముందే చెప్పండి, ఇవ్వగలిగితే ఇస్తాను. ధర ఒకటి తీసుకుని, దానిపైన రోజూ కొంచెం కొంచెంగా ఇంకొకటి వసూలు చేయడమే నాకు నచ్చనిది. ఆ ఇంకొకటి నా ధ్యాస.

ధ్యాస గురించి తత్వవేత్తల్లో బాగా ఆలోచించినవాళ్ళు స్త్రీలే కావడం యాదృచ్ఛికం అనుకోను. సిమోన్ వెయ్ (1909-1943) దాన్ని బుద్ధికి సంబంధించిన నైపుణ్యంగా కాక నైతికమైన పనిగా చూసింది. మన ఆలోచనలను కాసేపు పక్కకు జరిపి, ఎదుటి మనిషి లోపలికి రావడానికి చోటు చేయడమే ధ్యాస అన్నది ఆమె అవగాహన. ఐరిస్ మర్డాక్ 1970లో వచ్చిన తన పుస్తకంలో ఆ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్ళింది. సారా రడిక్ 1989లో దాన్ని తల్లుల రోజువారీ పనిలో వెతికింది. మరోవైపు టిల్లీ ఓల్సెన్ 1978లో, స్త్రీలు రాయలేకపోవడానికి వాళ్ళ పని ఎప్పుడంటే అప్పుడు, ఎవరంటే వాళ్ళు ఆపగలిగేదిగా ఉండటం ఎంత పెద్ద కారణమో రాసింది. వీళ్ళందరినీ కలిపి చదివితే ఒకటి తెలుస్తుంది. ఇతరులకు ధ్యాస ఇవ్వడం స్త్రీల బాధ్యత అయింది, తన ధ్యాసను తాను కాపాడుకోవడం మాత్రం స్త్రీల హక్కు కాలేదు.

నా పనిలో దీనికి ఇంకో మెలిక ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నప్పుడు నేను ఇచ్చే ధ్యాస పూర్తిగా నాది కాదు. క్యాసెట్‌లో మాట్లాడిన ఆమెకు, రికార్డు చేసిన అక్క ద్వారా ఒక మాట ఇచ్చాం, నువ్వు చెప్పింది శ్రద్ధగా వింటాం అని. ఆ నమ్మకం మీదే ఆమె మాట్లాడింది. కాబట్టి ఆ తెర నా దగ్గర లాక్కునేది ఆమెకు చెందాల్సినది. నేను విసుక్కుని సర్దుకుపోవచ్చు. నా తరఫున సర్దుకుపోయే హక్కు నాకుంది. ఆమె తరఫున లేదు. ఒక్క క్లిక్కే కదా అన్న మాటకు నా దగ్గరున్న అసలు జవాబు ఇదే.

ఇంతదాకా రాసి, ఇక్కడ ఆగి నన్ను నేను ఒక ప్రశ్న వేసుకోవలసి వచ్చింది. ఈ సంఘటన తర్వాత నా పీహెచ్‌డీ కోసం 2016లో చేసిన రికార్డింగులు మళ్ళీ విన్నాను. ఒక పెద్దావిడ తన గేదె చనిపోయిన సంగతి చెబుతోంది. పాలు ఎలా ఎండిపోయాయో, ఎవరెవరు వచ్చి చూశారో చెబుతోంది. రెండు నిమిషాలు కాకముందే నా గొంతు వినిపిస్తుంది, "సరే పెద్దమ్మా, ఉద్యమం గురించి చెప్పండి" అని. ఆమె ఒక క్షణం ఆగుతుంది. "సెప్తా ఉండా కదమ్మా, ఆడికే వస్తా ఉండా" అంటుంది. కానీ ఆ తర్వాత ఆమె నా ప్రశ్నలకు జవాబులు మాత్రమే చెప్పింది. గేదె అప్పుకీ, సారా కొట్టుకీ ఉన్న సంబంధం ఏమిటో నాకు ఎప్పటికీ తెలియలేదు. నా ప్రశ్నావళి, సంతకం పెట్టించుకున్న అంగీకార పత్రం, టేపు మొదట్లో నేను చెప్పిన నా విశ్వవిద్యాలయం పేరు, ఇవన్నీ ఆమె చెప్పాలనుకున్న దానికీ ఆమెకూ మధ్య నేను నిలబెట్టిన తెరలు కావా? నాకూ ఒకటి కావాలి. థీసిస్ కావాలి.

ఈ పోలిక నన్ను ఇబ్బంది పెట్టింది, ఇప్పటికీ పెడుతోంది. రెండూ ఒకటేనని తేల్చేసి చేతులు దులుపుకోను. నా అడ్డుపాటు టేపు మీద ఉంది, నా గొంతుతో ఉంది, ఎనిమిదేళ్ళ తర్వాతైనా నేను దాన్ని విని సిగ్గుపడగలిగాను. తర్వాతి ఇంటర్వ్యూలో నోరు మూసుకోవడం నేర్చుకోగలిగాను. ఆ తెరకు గొంతు లేదు, అది దేనినీ వినదు. మన కుటుంబంలోకి స్వాగతం అని పలకరిస్తుంది గానీ, తనవల్ల ఎవరి మాట పోయిందో తెలుసుకునే దారి దానికి లేదు. అడ్డుపడేవాళ్ళలో బాధ్యత మోయగలిగేవాళ్ళు, మోయడానికి వీలులేకుండా ఏర్పాటు చేసుకున్నవాళ్ళు అని రెండు రకాలు ఉన్నారని నాకు అనిపిస్తోంది.

మన దేశంలో 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 'డార్క్ పాటర్న్స్' నివారణకు మార్గదర్శకాలు ప్రకటించింది. కొనేవాళ్ళను మాయచేసి, తికమకపెట్టి ఒప్పించే తెరల అమరికకు హ్యారీ బ్రిగ్నల్ 2010లో పెట్టిన పేరు అది. ఆ మార్గదర్శకాల్లో 13 రకాలు పేర్కొన్నారు. వద్దన్నవాళ్ళను సిగ్గుపడేలా చేయడం అందులో ఒకటి. పదేపదే వెంటపడి పనికి అంతరాయం కలిగించడం ఇంకొకటి. వద్దు అని చెప్పే వీలే ఇవ్వకపోవడం కూడా ఈ రెండోదాని కిందికే వస్తుంది. అది చదువుతుంటే నా సాఫ్ట్‌వేర్ తెరే కళ్ళముందు మెదిలింది.

కానీ ఆ రకానికి వాళ్ళు పెట్టిన పేరు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 'నాగింగ్' అన్నారు. మన మాటల్లో నస. భర్త తాగొస్తే ఎందుకు తాగావని అడిగే భార్యది నస. పిల్లల ఫీజు కట్టారా అని రెండోసారి అడిగే స్త్రీది నస. తన మాట ఒకసారికే వినిపించే అధికారం లేనివాళ్ళు పదిసార్లు చెప్పాల్సి వస్తే దానికి పెట్టిన పేరు అది. డబ్బూ, అధికారమూ, మన యంత్రంలోకి చొరబడే తాళంచెవీ అన్నీ ఉన్న సంస్థ చేసే పనికి కూడా ఆ పేరే ఎలా సరిపోతుంది? నస పెట్టే భార్య మాటలో ఒక అవసరం ఉంది, అది తీరితే ఆమె ఊరుకుంటుంది. ఈ తెరకు ఊరుకోవడం అనేది లేదు. భాష ఇలా మన మీద వేసిన నిందలను అరువు తీసుకుని వాళ్ళ తప్పులకు పేర్లు పెట్టుకుంటుంది.

'వద్దు' బటన్ లేకపోవడం గురించి మాట్లాడితే కొందరికి అది మరీ పెద్ద పోలికలా అనిపించవచ్చు. 2016లో హిందీలో 'పింక్', 2021లో తెలుగులో 'వకీల్ సాబ్' వచ్చాక, కాదంటే కాదనే అర్థమన్న మాట ఇళ్ళల్లో కూడా వినిపించింది. శరీరం మీద జరిగే హింసనూ, తెరమీద ఒక ప్రకటననూ ఒకే గాటన కట్టను. అలా కట్టడం ఆ హింసను అనుభవించినవాళ్ళకు అవమానం. నేను చూస్తున్నది వ్యాకరణం. ఇప్పుడు, తర్వాత అనే రెండే మాటలున్న భాషలో 'కాదు' అని ఎలా చెప్పాలి? రోజుకు పదిచోట్ల అలాంటి భాషలోనే జవాబిచ్చే మనిషికి, తను చెప్పిన 'వద్దు'కు గడువు ఉంటుందని, వచ్చే అప్‌డేట్‌తో అది చెల్లకుండా పోతుందని అలవాటవుతుంది. ఆ అలవాటు తెర దగ్గరే ఆగుతుందన్న హామీ ఏమీ లేదు.

మళ్ళీ క్యాసెట్ దగ్గరికి వస్తాను. నలిగిన ముక్కకు ముందూ వెనకా ఆమె చెప్పినదంతా భద్రంగా ఉంది. 1980లలో ప్రభుత్వమే సారాను పాకెట్లలో పల్లెపల్లెకూ చేర్చింది. ఎక్కడికో వెళ్ళి తాగే పని లేకుండా సారా గుమ్మం దాకా వచ్చింది. ఆమె మాటల్లో చాలా ఏళ్ళు ఎవరింట్లో వాళ్ళే పోట్లాడారు. కూలి డబ్బులు బియ్యం డబ్బాలో దాచడం, అది దొరికితే దెబ్బలు తినడం, మర్నాడు మళ్ళీ దాచడం. ప్రతి ఇంట్లో, ప్రతి సాయంత్రం, ఒక్కొక్క ఆడమనిషి ఒంటరిగా వద్దంటూ ఉండేది. "ఇంట్లో ఎంత పోట్లాడినా అంగడి ఊళ్ళోనే ఉండె కదమ్మా" అంటుంది ఆమె. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబళ్ళలో పక్కపక్కన కూర్చున్నాకే, ఈ వద్దు అందరిదీ ఒకటేనని వాళ్ళకు తెలిసింది. దూబగుంటలో మొదలైన కదలిక 1992లో జిల్లా అంతటా అల్లుకుంది. కొట్లు మూయించారు, సారా వేలంపాటలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారన్నదీ మనకు తెలుసు. గెలుపు పూర్తిగా నిలవలేదు. కానీ వద్దనే పనిని ఒక్కొక్క ఇంటి ఆడదాని నెత్తిన వదిలేయడం అన్యాయమని ఆ స్త్రీలు చెప్పిన తీర్పు ఇంకా చెల్లుతూనే ఉంది.

వాళ్ళ పోరాటం ముందు నా సాఫ్ట్‌వేర్ బాధ ఆవగింజంత. అయినా వాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది అదే. మూలనున్న ఆ చిన్న గడి నాతో ఏం చెబుతోంది? నీకు వద్దంటే నువ్వు వెతుక్కుని, నువ్వు టిక్కు పెట్టుకుని, అది పోయినప్పుడల్లా మళ్ళీ పెట్టుకో అంటోంది. అంగడి మాత్రం ఊళ్ళోనే ఉంటుంది. నేను కోరవలసింది మెరుగైన గడి కాదు. ముందుగా నన్ను అడగకుండా అసలు తెర రాకూడదు. కావాలన్నవాళ్ళు వెళ్ళి చూసుకునేలా అంగడిని ఒక మెనూలో పెట్టుకోమనండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. భద్రతకు సంబంధించిన హెచ్చరిక, పోయిన ఫైలు తిరిగి తీసుకోవాలా అన్న ప్రశ్న, ఇవి మాత్రమే నన్ను ఆపాలి. ఆపినప్పుడు నేను ఆగాలంటే మిగతావేవీ నన్ను ఆపకూడదు.

ఇది జరగని పని కాదు. శబ్దాన్ని ఎడిట్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ 2000లో విడుదలైంది. ప్రపంచమంతటా ఎందరో విద్యార్థులూ పరిశోధకులూ దానితోనే పని నేర్చుకున్నారు. 2021లో అది మ్యూజ్ గ్రూప్ అనే సంస్థ చేతికి వెళ్ళింది. వాడుకునేవాళ్ళ వాడకం తీరును సేకరించే ఏర్పాటు ఒకటి ఆ వెంటనే ప్రతిపాదించారు. వాడుకరులూ ప్రోగ్రామర్లూ పెద్దఎత్తున అభ్యంతరం చెప్పారు, ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నారు. అది ప్రకటన తెర గురించిన గొడవ కాదు. కానీ ఒక్కొక్కరూ తమ కంప్యూటర్‌లో సెట్టింగ్ మార్చుకుని ఊరుకోకుండా, ఇది మాకెవరికీ వద్దని కలిసి చెప్పడం ఆ యంత్రాల లోకంలో కూడా పనిచేస్తుందని అది చూపించింది. మన విశ్వవిద్యాలయాలు, మన పరిశోధనా కేంద్రాలు లైసెన్సులు కొనేటప్పుడు ధర ఒక్కటే చూస్తాయి. తెరవగానే అమ్మకం మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్ మాకు వద్దు అని కొనుగోలు షరతుల్లో ఒక వాక్యం రాయమని మా సంస్థలో అడిగాను. వినడానికి కొంచెం వింతగా ఉందన్నారు. మళ్ళీ అడుగుతాను. నస అంటారేమో, అననివ్వండి.

మొన్న ఒకరోజు, చాలా కాలం తర్వాత, ఆ తెరను మూసేయకుండా కళ్ళు తెరిచి చూశాను. కొత్త ప్లగిన్ ఒకటి ప్రకటిస్తున్నారు. రికార్డింగులో పాడైపోయిన చోట్లను కృత్రిమ మేధ పూడుస్తుందట, అటూ ఇటూ ఉన్న గొంతును బట్టి మధ్యలో పోయిన దాన్ని తయారుచేస్తుందట. మొదటి నెల ఉచితం. చాలాసేపు ఆ తెర ముందే కూర్చున్నాను. ఆ మూడు సెకన్లలో ఆమె గొంతుతో ఆమె అనని మాట వినిపిస్తే, మరో ముప్పై ఏళ్ళ తర్వాత వినే అమ్మాయికి తేడా తెలియదు.

తెర మూసేశాను, ఈసారి చూసే మూసేశాను. గరగరను అలాగే ఉంచి, ఆ ఫైలుతో పాటు ఒక చిన్న కాగితం జతచేశాను. ఇక్కడ ఆమె నవ్విన తర్వాత ఒక మాట ఉంది, అది నా చేతిలో పోయింది అని, తేదీ వేసి, కింద నా పేరు రాశాను. అక్కకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పడానికి మాత్రం ఇంకో వారం పట్టింది. అంతా విని అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు నేనూ అక్కడే కూర్చున్నానుగా, ఆమె ఏమందో నాకు గుర్తుందేమో చూస్తాను. నువ్వొకసారి రా, ఈసారి నన్ను రికార్డు చెయ్యి" అంది.

వెళ్ళాలి. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించాను.